ఉగ్గుగిన్నెలో నీలగిరి తైలం: జ్వరం లేని పాపకు వచ్చిన మూర్ఛపై ఒక కేస్ స్టడీ

జలుబుతో ఉన్న రెండేళ్ల పిల్లకు ఫిట్స్ వచ్చిందని చెబితే పిల్లల వైద్యుల మనసు ముందుగా జ్వరంతో వచ్చే మూర్ఛ వైపే వెళుతుంది. ఆరు నెలల నుంచి అయిదేళ్ల వయసు వరకు అది అంత సాధారణం. ఈ కేసులో నేనూ మొదట అలాగే అనుకున్నాను. థర్మామీటర్ చూసిన తరువాత ఆ ఆలోచన నిలబడలేదు గాని, అసలు కారణం తెలియడానికి మరో ఇరవై నిమిషాలు పట్టింది. చికిత్స దృష్ట్యా ఇందులో అరుదైన విషయం ఏమీ లేదు. ఆ ఇరవై నిమిషాలు ఎందుకు పట్టాయన్నది మాత్రం రాయవలసిన విషయం. కుటుంబం అనుమతితో, వారిని గుర్తుపట్టే వివరాలు మార్చి ఈ కేసును నమోదు చేస్తున్నాను.

కేసు వివరాలు

పాప వయసు రెండేళ్ల నాలుగు నెలలు, బరువు 11 కిలోలు. ఖమ్మం జిల్లాలోని ఒక పల్లె నుంచి, సంక్రాంతి వెళ్లిన వారం రోజులకు, రాత్రి ఏడు గంటల యాభై నిమిషాలకు ఆటోలో తీసుకొచ్చారు. మూడు రోజులుగా ముక్కు కారడం, రాత్రిళ్లు దగ్గు ఉన్నాయి. ఆ సాయంత్రం ఉన్నట్టుండి రెండుసార్లు వాంతి అయిందని, ఆ తరువాత పాప తూలుతూ నడిచి పడిపోయిందని, ఆటోలో మూడు నాలుగు నిమిషాలపాటు కాళ్లూ చేతులూ కొట్టుకుందని తల్లి చెప్పింది. అంతకు ముందెప్పుడూ ఫిట్స్ లేవు, ఇంట్లో ఎవరికీ ఆ చరిత్ర లేదు. కాన్పు మామూలుగా జరిగింది, టీకాలన్నీ వేయించారు, మాటలూ నడకా వయసుకు తగినట్టే వచ్చాయి.

తల్లి ఒళ్లో పాప మెడ వాల్చేసి ఉంది. పిలిస్తే పలకడం లేదు, గట్టిగా గిల్లితే మూలుగుతోంది. చంకలో ఉష్ణోగ్రత 98.2 ఫారన్‌హీట్. నాడి నిమిషానికి 148, శ్వాస 38, గది గాలి పీలుస్తుండగా రక్తంలో ఆక్సిజన్ 91 శాతం. గ్లూకోమీటర్‌లో చక్కెర 112 ఉంది కాబట్టి చక్కెర పడిపోవడం కారణం కాదని అక్కడికక్కడే తేలింది. కనుపాపలు రెండూ చిన్నవిగా ఉన్నాయి, వెలుతురుకు స్పందిస్తున్నాయి. ఒళ్లంతా వదులుగా ఉంది, మోకాలి దగ్గర తట్టితే కాలు అంతంతమాత్రంగా కదులుతోంది. మెడ బిగుసుకోలేదు.

ఆక్సిజన్ పెట్టి, సెలైన్ కోసం నరం దొరకబుచ్చుకుంటూ ఉండగానే రెండవ ఫిట్ వచ్చింది. లోరజెపాం 1.1 మిల్లీగ్రాములు నరం ద్వారా ఇచ్చిన తరువాత రెండు నిమిషాల లోపే ఆగింది. పాపను ఎడమ పక్కకు తిప్పి, నోట్లో చేరిన చొంగను సక్షన్‌తో తీస్తున్న మా సిస్టర్ అప్పుడు తలెత్తి, "సార్, వాసన ఛాతీ మీది నుంచి కాదు, నోట్లోంచి వస్తోంది" అంది.

ఆ మాట లేకపోతే ఇంకెంత ఆలస్యం అయ్యేదో చెప్పలేను. వాసన నాకూ తెలుస్తూనే ఉంది, పాపను గదిలోకి తెచ్చినప్పటి నుంచీ తెలుస్తూనే ఉంది. అయితే జనవరిలో మా ఓపీకి వచ్చే పిల్లల్లో సగం మంది ఛాతీ నుంచి బామ్ వాసనో, కర్పూరం వాసనో వస్తుంది. ఏళ్ల తరబడి ముక్కుకు అలవాటైపోయిన వాసన కాబట్టి అది నా లెక్కలోకి రాలేదు. సిస్టర్ చెప్పాక తల్లి కొంగు మీద పడిన వాంతిని వాసన చూశాను. ఛాతీ మీద కంటే అక్కడే ఘాటుగా ఉంది.

"ఏ మందూ వాడలేదు సార్"

"పాపకు ఏదైనా మందు ఇచ్చారా?" అని అప్పటికే మూడుసార్లు అడిగి ఉన్నాను. మూడుసార్లూ తల్లి "ఏ మందూ వాడలేదు సార్" అనే చెప్పింది. ఆమె అబద్ధం చెప్పలేదు. ఆమె లెక్కలో మందు అంటే మందుల షాపులో చీటీ చూపించి తెచ్చేది, సీసా మీద కొలత గీతలు ఉండేది, డాక్టరు రాసేది. ఇంట్లో రాసేవి, వాసన చూపించేవి, తేనెలో రంగరించి పట్టేవి ఆ మాట కిందికి రావు. తప్పు ప్రశ్నలో ఉంది.

నాయనమ్మ బయట వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. ఆమె పక్కన కూర్చుని ప్రశ్న మార్చి అడిగాను: "అమ్మా, జలుబు చేస్తే మీ ఇంట్లో పిల్లలకు ఏమేం చేస్తారు?"

ఆమె ఒక్కొక్కటీ వేళ్ల మీద లెక్కపెడుతూ చెప్పింది. వాము వేయించి గుడ్డలో మూటకట్టి వాసన చూపిస్తారు. తమలపాకుకు ఆముదం రాసి, వెచ్చ చేసి ఛాతీ మీద వేస్తారు. కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి వీపుకు రాస్తారు. జామాయిల్, అంటే నీలగిరి చెట్టు, ఆకు మరిగించిన నీళ్లతో స్నానం చేయిస్తారు. చివరి వేలు దగ్గరకు వచ్చేసరికి గొంతు తగ్గించి, "ఇయ్యాల మావోడు తెచ్చిన కొత్త నూనె జర్రంత తేనెల రంగరించి పట్టిన అయ్యా, దగ్గు ఆగుతలేదని" అంది.

ఎంత పట్టిందో అడిగితే, "ఉగ్గుగిన్నెల అడుగు తడిసేటంత" అని చెప్పింది. సమయం సుమారు ఏడు గంటల అయిదు నిమిషాలు, టీవీలో సీరియల్ మొదలైన వేళ. అంటే పది నిమిషాల్లో వాంతి, ఇరవై అయిదు నిమిషాల్లో తూలడం, ముప్పావుగంటలో మూర్ఛ.

పాప తండ్రి బండి మీద వెళ్లి సీసాను, ఉగ్గుగిన్నెను రెంటినీ తెచ్చాడు. గిన్నె కూడా తెమ్మని నేనే చెప్పాను, ఎందుకంటే ఇంటి కొలతలు ఇంటి పాత్రలతోనే తేలుతాయి. అది అమ్మమ్మల నాటి చిన్న వెండి గిన్నె, ముక్కు ఒక పక్కకు సాగి ఉంటుంది. అడుగు తడిసేంత అంటే మనం ఊహించేది కొన్ని చుక్కలు. ఆ గిన్నె అడుగు మధ్యలో పల్లంగా ఉంది. సిరంజితో నీళ్లు పోసి చూస్తే, అడుగు పూర్తిగా కప్పడానికి మూడు మిల్లీలీటర్లు పట్టింది. పదిహేను మిల్లీలీటర్ల సీసాలో మిగిలిన నూనెను అదే సిరంజితో లాగి కొలిస్తే పదకొండున్నర ఉంది. ముందు రోజు ఆవిరి నీళ్లలో నాలుగైదు చుక్కలు వేశామని తండ్రి చెప్పాడు. రెండు లెక్కలూ కలిసాయి. పాప నోట్లోకి వెళ్లింది దాదాపు మూడు మిల్లీలీటర్ల శుద్ధమైన నీలగిరి తైలం, కొంత గిన్నెకు అంటుకుని మిగిలినా రెండున్నరకు తగ్గదు.

సీసా మూతి లోపల ఒక్కొక్క చుక్కే రాలేందుకు ఉండవలసిన ప్లాస్టిక్ బిరడా లేదు. చుక్కలు తొందరగా పడటం లేదని ముందు రోజు తానే చాకు మొనతో తీసేశానని తండ్రి చెప్పాడు. ఇది విన్నప్పుడు నాకు నాయనమ్మ మీద ఉన్న కాస్త కోపం కూడా పోయింది. బిరడా ఉంటే ఆమె ఎంత వంచినా గిన్నె అడుగు తడిసేంత రావడానికి చాలాసేపు పట్టేది, ఈలోగా ఎవరో ఒకరు చూసేవారు. సీసా మీద పచ్చటి ఆకు బొమ్మ, నూరు శాతం సహజం అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. పైపూతకు మాత్రమే అన్న హెచ్చరిక వెనక వైపు, చీమ తలకాయంత అక్షరాల్లో, ఇంగ్లిషులో ఉంది. నాయనమ్మకు చదవడం వచ్చింది తెలుగే.

చికిత్స

నీలగిరి తైలానికి విరుగుడు లేదు. వైద్యం అంతా శ్వాసను కాపాడటం, మూర్ఛను ఆపడం, నూనె ప్రభావం దిగేదాకా కనిపెట్టుకుని ఉండటం. న్యూఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విషసమాచార కేంద్రానికి ఫోన్ చేసి సంప్రదించాం, వారి సలహా కూడా అదే.

చేయకుండా ఉండవలసినవి కొన్ని ఉన్నాయి, వాటి గురించే ఎక్కువ చెప్పాలి. కడుపు కడగలేదు. పలుచగా, త్వరగా ఆవిరయ్యే స్వభావం గల ఈ నూనె కడుపులో ఉన్నప్పటికంటే ఊపిరితిత్తుల్లోకి దిగినప్పుడు ఎక్కువ హాని చేస్తుంది. మగతలో ఉన్న పిల్లకు గొట్టం వేసి కడిగితే ఆ ప్రమాదాన్ని మనమే తెచ్చిపెట్టినట్టవుతుంది. కడుపులోని విషాన్ని పీల్చుకునే బొగ్గుపొడి, యాక్టివేటెడ్ చార్‌కోల్ కూడా అదే కారణం చేత ఇవ్వలేదు. నూనె ఎంత వేగంగా పీల్చుకుపోతుందంటే, పాప మా దగ్గరికి వచ్చేసరికే చార్‌కోల్ వల్ల ఒరిగేది పెద్దగా మిగలలేదు.

దురదృష్టవశాత్తు, కడుపు ఖాళీ చేయించే ప్రయత్నం ఒకటి అప్పటికే ఇంటి దగ్గర జరిగింది. మొదటి వాంతి కాగానే, ఏదో పడలేదు, మొత్తం కక్కించేస్తే మంచిదని పక్కింటివారు గ్లాసెడు ఉప్పునీళ్లు తాగించబోయారు. కొంత తాగింది, కొంత కొరబోయింది. రెండవ వాంతి దాని వల్ల వచ్చిందే. ఉప్పునీళ్లు చిన్నపిల్లల రక్తంలో సోడియంను ప్రమాదకర స్థాయికి పెంచగలవు కాబట్టి ఆ పరీక్ష వెంటనే చేయించాం. 141 వచ్చింది, అక్కడ అదృష్టం కలిసొచ్చింది. ఊపిరితిత్తుల దగ్గర అంత కలిసిరాలేదు. ఆరు గంటల తరువాత తీసిన ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగంలో చిన్న మచ్చ కనిపించింది. మరుసటి రోజు జ్వరం 100.6 దాకా వచ్చింది.

అది నూనె వల్ల కలిగిన రసాయనిక వాపే గాని క్రిముల న్యుమోనియా కాదని భావించి యాంటీబయాటిక్ మొదలుపెట్టలేదు. ఈ నిర్ణయం విషయంలో నా సహవైద్యుడికి నాకూ మధ్య వాదన జరిగింది, ఆ సంగతి దాచనక్కర్లేదు. జ్వరం నలభై ఎనిమిది గంటలు దాటినా, ఆక్సిజన్ అవసరం పెరిగినా మొదలుపెడదామని ఒప్పందానికి వచ్చాం. రెండూ జరగలేదు. పద్దెనిమిది గంటలకు ఆక్సిజన్ తీసేశాం, రెండో రోజు సాయంత్రానికి జ్వరం పోయింది.

మెదడువాపు అనుమానంతో వెన్నునీరు తీయాలా అన్న ప్రశ్న కూడా ఆ రాత్రి వచ్చింది. కారణం స్పష్టంగా తెలిసింది, మెడ బిగుసుకోలేదు, గంట గంటకూ పాప స్పృహ మెరుగవుతోంది. అందువల్ల ఆగాం. తెల్లవారుజామున మూడింటికి పాప కళ్లు తెరిచి నీళ్లు అడిగింది. సీటీ స్కాన్ తీయించలేదు, ఇంటికి పంపేటప్పుడు ఫిట్స్ మందు ఏదీ రాయలేదు. మూడో రోజు డిశ్చార్జి చేశాం.

చర్చ

నీలగిరి తైలంలో ప్రధాన పదార్థం 1,8-సినియోల్. మందుల ప్రమాణాలకు తగిన తైలంలో ఇది 70 శాతం, అంతకంటే ఎక్కువ ఉంటుంది. కొవ్వులో కరిగే పదార్థం కావడం వల్ల మెదడును తొందరగా చేరుతుంది. చిన్నపిల్లల్లో రెండు మూడు మిల్లీలీటర్లకే మగత రావచ్చు, అయిదు దాటితే స్పృహ పూర్తిగా తప్పవచ్చు. అయితే మోతాదుకూ తీవ్రతకూ మధ్య లెక్క ఎప్పుడూ సరిగ్గా కుదరదు, అంతకంటే తక్కువతో ఫిట్స్ వచ్చిన పిల్లలూ ఉన్నారు, ఎక్కువ తాగి ఏమీ కానివారూ ఉన్నారు. లక్షణాలు సాధారణంగా అరగంటలోపే మొదలవుతాయి, కొన్నిసార్లు నాలుగు గంటల వరకు ఆలస్యం కావచ్చు. అందువల్ల తాగిన పిల్ల బాగానే ఆడుకుంటోందని ఇంటికి పంపేయడం సరికాదు.

ఆస్ట్రేలియా ఈ చెట్టుకు పుట్టినిల్లు, ఈ విషం గురించి మనకు తెలిసినదాంట్లో పెద్ద భాగం కూడా అక్కడిదే. మెల్‌బోర్న్ పిల్లల ఆసుపత్రిలో 1981 నుంచి 1992 వరకు ఈ తైలం తాగి చేరిన 109 మంది పిల్లల వివరాలు 1995లో ప్రచురితమయ్యాయి. వారిలో చాలామంది జలుబుకు ఆవిరి పట్టే యంత్రం కోసం ఇంట్లో ఉంచిన ద్రావణాన్ని తాగినవారే. అంటే పిల్లల చేతికి అందిన విషం పిల్లల జలుబు కోసమే తెచ్చినది. మా పాప విషయంలో పెద్దల చేతి మీదుగా అందింది, అంతే తేడా.

పెద్దవారి సంగతి వేరని అనుకోవడానికీ లేదు. బెంగళూరు వైద్యుల నేతృత్వంలో దక్షిణ భారతంలోని నాలుగు ఆసుపత్రుల్లో నాలుగేళ్లపాటు జరిగి 2021లో ప్రచురితమైన అధ్యయనంలో, మూర్ఛతో వచ్చిన 350 మంది పెద్దల్లో 55 మందికి నీలగిరి తైలమో, కర్పూరమో ఉన్న ఉత్పత్తులతో సంబంధం కనిపించింది. వారిలో కొందరికి అదే మొదటి మూర్ఛ, మిగిలినవారికి ముందునుంచే ఉన్న మూర్ఛవ్యాధి దీనివల్ల తిరగబెట్టింది. తాగినవారే కాదు, పీల్చినవారూ పూసుకున్నవారూ అందులో ఉన్నారు. ఆ అధ్యయనం చదివిన తరువాతే నేను మూర్ఛకు మందులు వాడుతున్న పిల్లల తల్లిదండ్రులను బామ్‌ల గురించి అడగడం మొదలుపెట్టాను. అడిగిన ప్రతివారూ ఆశ్చర్యపోయారు, ఎందుకంటే అంతవరకు ఎవరూ అడగలేదు.

నాయనమ్మ తర్కం నాకు ఇప్పటికీ సబబుగానే కనిపిస్తుంది. మా ప్రాంతంలో, భద్రాచలం దారి పొడవునా కాగితపు గుజ్జు కోసం పెంచే జామాయిల్ తోటలు ఉన్నాయి. ఆ ఆకు మరిగించిన నీళ్లు ఆమె తన పిల్లలకు పోసింది, మనవలకు పోసింది, ఎవరికీ ఏమీ కాలేదు. సీసా మీద ఉన్నది ఆ ఆకే. అయితే ఆకు నుంచి నూనె తీసే క్రమంలో ఏం జరుగుతుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. కిలో ఆకు బట్టీలో పెడితే దిగేది పది ఇరవై గ్రాముల నూనె. కాబట్టి ఆ చిన్న సీసాలో ఉన్నది ఒక కిలోకు అటూ ఇటూగా ఆకుల సారం, పాపకు పట్టినది గుప్పెళ్ల కొద్దీ ఆకుల సారం. ఆకు నీళ్లలో మరిగినప్పుడు అందులో చాలా భాగం గాలిలో కలిసిపోయేది. ఆమెకు తెలిసిన వైద్యం పలుచనిది, కొడుకు తెచ్చినది చిక్కనిది. రెండింటి పేరూ ఒకటే.

నోటి ద్వారా ఇవ్వాలన్న ఆలోచన ఆమెకు ఎలా వచ్చిందో కూడా అడిగాను. వాము నీళ్లు పట్టేది కదా, ఇదీ అలాంటిదేననుకున్నానని చెప్పింది. మన ఇళ్లలో అమృతధార అని ఒకటి చేసుకునేవారు, ఇప్పటికీ కొందరు చేసుకుంటారు. వాము పువ్వు, పుదీనా పువ్వు, కర్పూరం మూడూ సమానంగా గాజుసీసాలో వేసి కుదిపితే, నీటిచుక్క కలపకుండానే మూడు పొడి పదార్థాలూ కరిగి ద్రవమైపోతాయి. చిన్నప్పుడు మా అమ్మ చేస్తుంటే నేను నోరు తెరుచుకుని చూసేవాణ్ణి. వాటి రసాయన పేర్లు థైమాల్, మెంథాల్, క్యాంఫర్. పెద్దలు అజీర్తికి రెండు చుక్కలు నీళ్లలో వేసుకునే ఆ అలవాటు నుంచే, ఘాటైన ఏ నూనె అయినా కొంచెం పట్టవచ్చునన్న ధైర్యం వచ్చి ఉంటుంది. ఘాటు వాసన అంటే ఆరోగ్యం అన్న నమ్మకం మనకు పాతదే. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు, ఆ వ్యాపారం అండతోనే ఆంధ్రపత్రిక నడిచింది. తలకు రాసుకునే బామ్‌తో మన అనుబంధం అంత దూరం వెళుతుంది, ఒక్క కౌన్సెలింగ్‌తో అది తెగదు, తెగవలసిన పని కూడా లేదు.

కర్పూరం విషయం వేరు. నీలగిరి తైలం కంటే కర్పూరం గురించే నాకు భయం ఎక్కువ, ఎందుకంటే అది దేవుడి గూటిలో ప్రతి ఇంట్లోనూ, పిల్లల చేతికి అందేంత ఎత్తులో ఉంటుంది, చూడటానికి చక్కెరబిళ్లలా ఉంటుంది. కిలో బరువుకు 30 మిల్లీగ్రాములకు మించి మింగిన పిల్లలను ఆసుపత్రికి పంపాలన్నది అమెరికా విష కేంద్రాల సూచన. ఈ పాప బరువుకు ఆ లెక్క 330 మిల్లీగ్రాములు. బిళ్లలు రకరకాల సైజుల్లో వస్తాయి, మా ల్యాబ్ తక్కెడలో తూచిన హారతి బిళ్ల ఒక్కటే 800 మిల్లీగ్రాములు ఉంది. చిన్నపిల్లల్లో ఒక గ్రాముతో మరణాలు నమోదయ్యాయి. అమెరికాలో 1980ల ఆరంభంలోనే కర్పూరతైలం అమ్మకాన్ని ఆపివేసి, పైపూత మందుల్లో కర్పూరం 11 శాతానికి మించకూడదని నియమం పెట్టారు. కొబ్బరినూనెలో మనం కరిగించే కర్పూరానికి శాతం ఎవరు చూస్తారు? వీపుకు రాసినది చర్మం గుండా కూడా లోపలికి వెళుతుంది, పిల్ల ఎంత చిన్నదైతే అంత ఎక్కువగా. రెండేళ్ల లోపు పిల్లలకు కర్పూరం, మెంథాల్ ఉన్నవి ఏవీ రాయవద్దని నేను చెబుతాను. పసిపిల్లల ముక్కు దగ్గర మెంథాల్ రాస్తే గొంతు బిగుసుకుని ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఇంట్లో ఉండే మరో నూనె గురించి కూడా ఇక్కడే చెప్పాలి. కీళ్లనొప్పులకు పూసుకునే వింటర్‌గ్రీన్ నూనెలో దాదాపు అంతా మిథైల్ శాలిసిలేటే. ఒక టీస్పూను, అంటే అయిదు మిల్లీలీటర్లు, సుమారు 7 గ్రాముల ఆస్పిరిన్‌తో సమానం. మోకాళ్లకు రాసుకుని తాతగారు మంచం పక్కన పెట్టే సీసా అది.

ఇంతా చెప్పి ఈ నూనెలన్నీ పనికిరానివని నేను అనడం లేదు. పంటినొప్పి ఉన్న పెద్దవారు దూదికి ఒక చుక్క లవంగ నూనె అద్ది పంటి మీద పెట్టుకుంటే డాక్టరు దగ్గరకు వెళ్లేదాకా ఉపశమనం ఉంటుంది. అందులోని యూజినాల్‌ను దంతవైద్యులే జింక్ ఆక్సైడ్‌తో కలిపి వాడతారు. పేగుల దగ్గర మాత్రమే కరిగేలా తయారుచేసిన పుదీనా నూనె క్యాప్సూళ్లకు పేగుల అలజడి వ్యాధిలో (ఐబీఎస్) ఆధారం ఉంది. మొటిమలకు 5 శాతం టీట్రీ జెల్, బెంజాయిల్ పెరాక్సైడ్ కంటే నెమ్మదిగానే అయినా పనిచేస్తుందని 1990లో ఆస్ట్రేలియాలో జరిగిన పరిశీలన చూపించింది. ఇవన్నీ పెద్దవారికి లేదా కౌమారంలో ఉన్నవారికి, కొలిచిన గాఢతతో, నిర్దిష్టమైన పనికి వాడినవి. పిల్లల జలుబు దగ్గరకు వస్తే మాత్రం ఏ నూనె అయినా జలుబును ఒక్క రోజు ముందు తగ్గిస్తుందని నమ్మదగిన ఆధారం నాకు కనిపించలేదు. ముక్కు తెరుచుకున్నట్టు అనిపించడం మెంథాల్ చల్లదనం వల్ల కలిగే భావన, గాలి దారి నిజంగా వెడల్పు కాదు.

విచిత్రం ఏమిటంటే నాయనమ్మ చేసిన మిశ్రమంలో దగ్గుకు నిజంగా పనికొచ్చేది ఒకటి ఉంది, తేనె. ఏడాది దాటిన పిల్లలకు పడుకునే ముందు అర చెంచా తేనె ఇస్తే రాత్రి దగ్గు కొంత తగ్గుతుంది. ఏడాది లోపు వారికి బొట్యులిజం, అంటే క్రిమి విషంతో కండరాలు చచ్చుబడే జబ్బు, ప్రమాదం వల్ల ఇవ్వకూడదు. ఉప్పునీటి ముక్కుచుక్కలు, గోరువెచ్చని నీళ్లు, తేనె, ఇంతకు మించి నేను మామూలు జలుబుకు ఏమీ రాయను. ఆవిరి కూడా వద్దంటాను. మరిగే నీళ్ల గిన్నె బోర్లాపడి తొడలు కాలిన పిల్లలను చూసిన తరువాత ఆ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు.

తరువాత

డిశ్చార్జి రోజున నేను భయపడినది వైద్యపరమైన విషయం గురించి కాదు. మూడు రోజులుగా నాయనమ్మ వార్డులోకి రాలేదు, వరండాలోనే ఉంది, కోడలు ఆమెతో మాట్లాడలేదు. తండ్రి ఒకసారి అందరి ముందు గట్టిగానే అన్నాడు. అందుకని ముగ్గురినీ ఒకేచోట కూర్చోబెట్టి మూడు సంగతులు చెప్పాను. ఆమె గొంతు తగ్గించి అయినా నిజం చెప్పడం వల్లనే వెన్నునీరు, స్కాన్, నాలుగు రకాల ఇంజెక్షన్లు తప్పాయి. బిరడా తీసినది ఆమె కాదు. చదవగలిగే భాషలో హెచ్చరిక ఉండి ఉంటే ఆమె పట్టేది కాదు. తండ్రి తల దించుకున్నాడు. కోడలు లేచి వెళ్లి అత్తగారికి టీ తెచ్చింది.

మా ఓపీ చీటీ మీద మందుల చరిత్ర అన్న గడి కింద ఇప్పుడు మరో గడి చేర్చాం: ఏం రాశారు, ఏం వాసన చూపించారు, ఏం పట్టారు. ప్రశ్న తల్లిని కాకుండా, పిల్లను ఎత్తుకుని వచ్చిన పెద్దావిడను అడగాలని సిస్టర్లకు చెప్పాను. "ఎందుకు పట్టారు?" అని అడగకూడదన్నది రెండో నియమం, ఎందుకు అన్న మాట వినిపించగానే జవాబు ఆగిపోతుంది.

రెండు వారాల తరువాత చూపించడానికి వచ్చినప్పుడు నాయనమ్మ గుడ్డసంచి ఒకటి తెచ్చి నా బల్ల మీద గుమ్మరించింది. ఇంట్లోని సీసాలన్నీ అందులో ఉన్నాయి. నీలగిరి తైలం, నొప్పుల నూనె, మూత జారిపోయిన బామ్ డబ్బా, పేరు చెరిగిపోయిన పాత సీసా, హారతి కర్పూరం పొట్లం, చివరగా వాము మూట. ఒక్కొక్కటీ ఎత్తి చూపించి అడిగింది, నేను ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాను. నొప్పుల నూనె ఆమె మోకాళ్లకే, పై అరలో, తాళం ఉన్న బీరువాలో. పేరు లేని సీసా మా చెత్తడబ్బాలోకి. వాము మూట ఉండవచ్చు, అయితే పిల్ల దగ్గర పెట్టే ముందు తన చెంపకు ఆనించుకుని వేడి చూసుకోవాలి. నీలగిరి తైలం సీసాను మాత్రం ఆమె తిరిగి సంచిలో వేసుకోలేదు, నన్ను అడగనూ లేదు.

తండ్రి కోరిక మీద చేయించిన ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) మామూలుగా వచ్చింది. ఆరు నెలల తరువాత చూసేసరికి మళ్లీ ఫిట్స్ రాలేదు, ఎక్స్‌రే శుభ్రంగా ఉంది, పాప మూడేసి నాలుగేసి మాటలు కలిపి మాట్లాడుతోంది. ఆ రోజు కూడా ముక్కు కారుతూనే ఉంది. కొత్త గడిలో సిస్టర్ రాసినది: వాము మూట, తేనె అర చెంచా.